బాపమ్మ ఒక్కపొద్దులు

ఈరోజు పొద్దున ఇంటి ఓనరు కోడలు తలుపు తట్టి, "ప్రసాద్ ఘ్యా, తాయీ" అని ఒక చిన్న స్టీలు పళ్ళెం నా చేతిలో పెట్టింది. నిన్నటితో ఆమె పదహారు సోమవారాల వ్రతం ముగిసిందట. పళ్ళెంలో చూర్మా ఉంది. గోధుమ రొట్టెలు కాల్చి, నలిపి, నెయ్యీ బెల్లమూ కలిపి చేస్తారు. ఆమె నుదుటిన కుంకుమ, మొహంలో ఏదో పని ముగించిన తేలికదనం. తల ఊపి తలుపు వేసుకున్నాను. గది చిన్నది. కాసేపట్లో కాల్చిన గోధుమ వాసన నిండిపోయింది. ఆ వాసనతో పాటు మా బాపమ్మ వచ్చి కూర్చుంది. ఆమె వచ్చిందంటే రాయకుండా ఉండలేను.

మా ఊరు దెగ్లూర్ తాలూకాలో సరిహద్దు మీద ఉండేది. వాగు దాటితే తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మర్ఖేల్ బజారులో రెండూ కలిసినవి. బాపు, అంటే మా నాన్న, ఊరి ఆసామి పటేల్ దగ్గర సాల్‌గడి. ఉగాది నాడు కుదిరితే మళ్ళీ ఉగాది వరకు ఆ ఇంటి మనిషే. దున్నడం, నీళ్ళు పెట్టడం, ఎడ్ల కింద ఊడవడం, చేను కావలి, అన్నీ. ఏడాది డబ్బు ముందే పాత లెక్కకు పోయేది. మా చేతికి వచ్చేది నెల నెలా పటేలమ్మ కొలిచి ఇచ్చే జొన్నలు మాత్రమే. ఆమె కుంచం నింపి పైన చేతిని అడ్డంగా రాసేది. రాలిన గింజలు ఆమె వైపే రాలేవి. రేషన్ కార్డు తాత బతికిన పాత ఊరి పేరు మీదే ఉండిపోయింది. దాన్ని మార్పించడానికి పోతే బాపుకు ఒక రోజు పని పోయేది, ఆ రోజు లెక్కలో పడేది.

ఏడాదంతా ఎలా గడపాలన్నది అమ్మ చేతిలో ఉండేది. జొన్నలు ఇంటికి రాగానే నాలుగు కుండల్లో పంచి పోసేది. వారానికి ఒక కుండ. మూతల చుట్టూ పేడ, మట్టి కలిపి అలికేది. ఆదివారం రాకముందు కొత్త కుండ అలుకు పగలగొట్టకూడదు. వారం చివర్లో పిండి తగ్గితే జల్లెడలో మిగిలిన తవుడు మళ్ళీ పిండిలో కలిసేది. అది కూడా తగ్గితే రొట్టె పోయి గట్క వచ్చేది, గట్క పోయి అంబలి వచ్చేది. కుసుమ నూనె సీసా పక్కన ఒక గుడ్డపేలిక ఉండేది. దాన్ని నూనెలో ముంచి పెనం మీద ఒకసారి తుడిస్తే అదే తాలింపు. పుంటికూర ఎండబెట్టి దాచేది. పొయ్యిలోకి పత్తికట్టె. ఆ పొగ వాసన నా బడి గౌనుకు కూడా ఉండేది. నాకున్న గౌను అదొక్కటే.

ఇంత కట్టడి ఎందుకంటే, కుండలు ఖాళీ అయితే పటేల్ ఇంటికే పోవాలి. అక్కడ గింజలు నాగుకు ఇచ్చేవారు. ఒకటి తెచ్చుకుంటే ఉగాదికి ఒకటిన్నర. ఆ నాగు తీరక బాపు ప్రతి ఉగాదికి మళ్ళీ సాలుకు కూర్చునేవాడు. నేను పుట్టకముందు నుంచీ అంతే.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడాది మాత్రం బాపు ఒక మాట అన్నాడు. దూరపు చుట్టం ఒకాయన నాందేడ్ పట్నంలో, మోంఢా అనే గింజల బజారులో, హమాలీ చేస్తున్నాడు. మూటలు మోయడం, సాయంత్రానికి కూలి చేతికి రావడం. బాపు అంబలి తాగుతూ ఆ సంగతి చెప్పి, గిన్నె కింద పెట్టి అన్నాడు:

"ఈ సాల్ నాగు తేకుంట ఎళ్ళదీస్తె, ఉగాదికి నా లెక్క తెగుతది. ఇగ కూసోను. మనమందరం నాందేడ్ పోదాం."

"తేకుంట ఎట్ల ఎళ్తది?" అంది అమ్మ.

"ఎళ్ళదియ్యాలె."

బాపమ్మ మూలన కూర్చుని పత్తికట్టె విరుస్తోంది. ఆమె బాపుకు తల్లి. అప్పటికి పళ్ళు సగమే ఉన్నాయి. కొడుకు వైపు చూసి, "నాందేడ్ల నాకు ఎండకు కూసునే జాగ దొరుకుతదా?" అని అడిగింది. అదే ఆమె ఒప్పుకోలు.

ఆ మర్నాటి నుంచే ఆమె రొట్టెలో సగం నా పళ్ళెంలోకి రావడం మొదలైంది. పళ్ళు నొస్తున్నాయనేది, కడుపు బరువుగా ఉందనేది. నాలుగు రోజులు అమ్మ ఊరుకుంది. ఐదో రోజు పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది.

"అత్తా, నువ్వు తినకుంటె నేను సుత తిన. ఇద్దరం ఎండుదాం. తర్వాత నీ కొడుకు మనిద్దరి మీద మన్ను పోసి నాందేడ్ పోతడు."

"నోట్లె మంచి మాట రాదానే నీకు?"

"తిను ముందు."

బాపమ్మ తిన్నది. కానీ ఓడిపోయే మనిషి కాదు. ఊళ్ళో కిరాణా దుకాణం నడిపే కోమటాయన భార్య ప్రతి సోమవారం మధ్యాహ్నం పదహారు సోమవారాల కథ చదివేది. ఆమె ఒక్కపొద్దు అంటే సగ్గుబియ్యం, పల్లీలు, పాలు. ఆ వాకిలి నిండా నెయ్యి వాసన. బాపమ్మ వెళ్ళి చివరన కూర్చుని కథ విని వచ్చింది. వచ్చి నా తల మీద చేయి పెట్టి అందరికీ వినబడేట్టు చెప్పింది:

"నా మనుమరాలి పేరు మీద సోమవారాలు పట్టిన. ఇగ నన్ను తినుమని ఎవలన్నా అంటె పిల్లకు తగుల్తది."

అమ్మ చేతిలో పిండి అలాగే ఆగిపోయింది. అది దేవుడి కోసం కాదని ఆమెకు తెలుసు. కానీ నా పేరు మీద పట్టిన వ్రతాన్ని ఆపమని ఏ తల్లి అంటుంది? బాపమ్మ నా వైపు చూసి కన్ను కొట్టింది. నాకు అర్థం కాలేదు గాని నవ్వాను.

తరువాత గురువారం కొడుకు పేరు మీద, శనివారం ఇంటి క్షేమం పేరు మీద వచ్చాయి. వాటికి కథ, పూజ ఏమీ లేవు, ఊరికే తినకపోవడమే. ఒక్కపొద్దు రోజుల్లో ఆమె సగ్గుబియ్యం తినలేదు, పాలు తాగలేదు. చెంబెడు నీళ్ళు తాగి, ఎండకు గోడకానుకొని నాకు కథలు చెప్పేది. కథల్లో రాజులు ఎప్పుడూ ఏదో ఒకటి తింటూనే ఉండేవారు.

అమ్మ కుండలు నిజంగానే ఆదివారం దాకా వచ్చాయి. ఒకటి రెండుసార్లు అడుగున గుప్పెడు మిగిలింది కూడా. ఆ గుప్పెడు చూసినప్పుడు అమ్మ సంతోషించలేదు, బాధపడలేదు. వచ్చే వారం కుండలో పోసేది.

మేం పిల్లలం మా పద్ధతిలో కడుపు నింపుకునేవాళ్ళం. చలికాలంలో పటేల్ చేలో శనగ కాయలు పచ్చిగా ఉన్నప్పుడు గట్టు కింద నుంచి పాకి వెళ్ళి మొక్కలు పీకేవాళ్ళం. శనగాకుకు పులుపు. పెదవులు మండేవి, గౌను మీద మరకలు పడేవి. ఆ చేనుకు కావలి మా బాపే. మమ్మల్ని చూడగానే, "ఎవల్రా అది! కాళ్ళు ఇరగ్గొడ్త!" అని ఊరంతా వినబడేట్టు అరుస్తూ మేం లేని వైపు పరుగెత్తేవాడు. ఒకసారి పటేల్ గట్టు మీద నిలబడి అదంతా చూసి నవ్వాడు. ఆ రోజు నాకు పటేల్ మంచివాడనిపించింది. నవ్వాడు కాని, ఆ శనగలు కూడా లెక్కలో పడ్డాయని తరువాత అమ్మ చెప్పింది.

సోమవారాలు పది దాటాక కోమటాయన భార్య ఒక రోజు బాపమ్మను పిలిచింది. ఉప్పు కొనడానికి వెళ్ళి నేను పక్కనే ఉన్నాను.

"అవ్వా, మరి ఉద్యాపన ఎప్పుడు పెట్టుకుంటవ్?"

"గదేంది బిడ్డా?"

"అయ్యో, కథ ఇంటివి గదా! పదహారు వారాలైనంక ముగించుకోవాలె. పదహారు జంటలకు అన్నం పెట్టాలె. చూర్మా చెయ్యాలె. గది చెయ్యకుంట నువ్వు నోట్లె ముద్ద పెట్టుకుంటె పట్టింది ఎటమటం అయితది."

బాపమ్మ మొహం నాకింకా కనబడుతోంది. మరిచిపోయిన అప్పు గుర్తొచ్చిన మనిషి మొహం అది. ప్రతి సోమవారం ఆమె వెళ్ళేది, కథ మధ్యలో ఆకలితో కునికేది. చివరి మాటలు ఆమె చెవిన పడనే లేదు. ఇంటికి వస్తూ దారిలో నా చేయి గట్టిగా పట్టుకుంది. "మీ అమ్మకు చెప్పకు" అంది. గింజలు మిగల్చడానికి పట్టిన వ్రతం, నెల గింజలు పోస్తే గాని విడవదు. ఈ సంగతి ఆమె ఎవరితో చెప్పుకుంటుంది?

ఆమె తనకు తానే ఒక దారి వేసుకుంది. పదహారు వారాలు నిండినా ముగించలేదు. ఉగాది దాకా సోమవారాలు అలాగే ఉంటే, లెక్క తెగాక, నాందేడ్‌లో కొడుకు మొదటి కూలితో జంటలకు అన్నం పెట్టొచ్చు అనుకుంది. దేవుడు కొంచెం ఆగుతాడనుకుంది. గురువారాలు, శనివారాలు కూడా ఆపలేదు. ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారేవి. చాట పట్టి చెరుగుతూ ఒకసారి కూర్చున్న చోటనే పక్కకు ఒరిగిపోయింది. లేపితే, "కన్నంటుకుంది" అంది.

శివరాత్రికి కొన్ని రోజుల ముందు నాకు జ్వరం వచ్చింది. సబ్‌సెంటర్ నర్సు తెల్ల గోళీలు ఇచ్చింది. జ్వరం తగ్గేది, సాయంత్రానికి మళ్ళీ వచ్చేది. వారం గడిచింది. నా నోట్లో ఇనుము రుచి. గోడ మీద పేడ అలుకు గీతలు కదులుతున్నట్టు కనబడేవి. చుట్టుపక్కల ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి మాట్లాడుకునేవారు. సోమవారాల సంగతి అప్పటికే వాడంతా తెలిసిపోయింది.

"పిల్ల పేరు మీద పట్టి, ముగించకుంట ఆపుకుంటె గిట్లనే అయితది."

"ముసల్దానికి ఎవలు చెప్పాలె?"

బాపమ్మ నా తల దగ్గర కూర్చుని లేవలేదు. ఆమె అసలు తినడమే మానేసింది. అది ఏ వారమో కూడా చూడడం లేదు.

ఒక మధ్యాహ్నం బాపు చేను నుంచి పని మధ్యలో వచ్చాడు. నేను నిద్రపోతున్నాననుకుని అమ్మ, బాపు గుమ్మం దగ్గర మెల్లగా మాట్లాడుకున్నారు. బాపమ్మ అప్పుడే నా తడిగుడ్డకు నీళ్ళ కోసం లేచి పోయింది.

"పటేల్ ఇంటికి పోతున్న" అంది అమ్మ.

"ఎందుకు?"

"గోధుమలు, పప్పు, బెల్లం. ముగిద్దాం. ముసలామె సచ్చిపోతది, పిల్ల సచ్చిపోతది."

"నర్సు టైఫాయిడ్ అన్నది. గోళీలకు తగ్గుతది."

"తగ్గకుంటె?"

బాపు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. "నెల దినాలు గట్టిగ పడితె ఉగాది. ఇన్ని నెలలు పడ్డం. జెర ఆగరాదే."

"నీకు మొక్కుల మీద నమ్మకం లేదు. నాకు సుత లేదు," అంది అమ్మ. "కాని పిల్లకు ఏమన్న అయితె, గా ముసలామె జీవితమంతా తననే తిట్టుకుంటది. నేను సుత తిడ్త. నువ్వు నాందేడ్ పోయి ఏం జేస్తవ్?"

బాపు లేచి చేనుకు పోయాడు. పొమ్మని అనలేదు, వద్దని అనలేదు. అమ్మ బస్తా మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళింది.

సాయంత్రం నెత్తి మీద మూటతో వచ్చింది. బాపమ్మ అడిగింది.

"ఎక్కడియి ఇవి?"

"మా అన్న మర్ఖేల్ బజార్ల కలిసిండు. ఇచ్చిండు."

"ఇన్ని?"

"చెల్లెకు పెట్టద్దా మరి?"

ముగింపుకు పదహారు జంటలు దొరకడమే పెద్ద పరేషాన్ అయింది. మా వాడలో సగం మంది మగవాళ్ళు చెరకు కోతకు పోయారు. ఉన్నవాళ్ళలో ఒక మొగుడూ పెళ్ళాం దీపావళి నుంచి మాట్లాడుకోవడం లేదు. అమ్మ వాళ్ళ ఇంటికి వెళ్ళి బతిమాలింది. వాళ్ళు వచ్చి ఒకే వరుసలో, ఒకరికొకరు వీపు తిప్పి కూర్చున్నారు. పక్కవాళ్ళు నవ్వారు. ఆయన, "ఈమెకు పప్పు తక్కువెయ్యిండ్రి, నోరు ఎక్కువైతది" అన్నాడు. ఆమె, "ఆయనకు చూర్మా పెట్టకుండ్రి, ఆయన జంట గాదు" అంది. తిన్నాక ఇద్దరూ కలిసే ఇంటికి పోయారు. మా ఇంటి ముందు అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. నాకు మాత్రం పలుచటి జావ. మంచంలో పడుకుని నెయ్యి వాసన పీల్చుకున్నాను. నెయ్యి అంటే చెంచాడే, కాని వాసన ఇల్లంతా ఉంది.

అందరూ వెళ్ళాక బాపమ్మ ముందు పళ్ళెం పెట్టారు. ఆమె ముద్ద చేసి పట్టుకుని అమ్మను అడిగింది:

"మీ అన్నావదినెల పిలువకపోతివేందే? వాళ్ళ గింజలే గదా."

"వాళ్ళకు పనున్నదట" అంది అమ్మ, కుండ కడుగుతూ, తలెత్తకుండా.

బాపమ్మ ఆమె వీపు వైపు కాసేపు చూసింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగడానికి చాలాసేపు పట్టింది. రెండో ముద్దకు నీళ్ళు తాగింది. పళ్ళెంలో ఒక్క మెతుకు వదలకుండా తిన్నది.

నాకు జ్వరం తగ్గింది. గోళీలకో, జంటలకో, దేనికి తగ్గిందో మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అనలేదు.

ఉగాది వచ్చింది. మా వైపు ఆ రోజు పొద్దున సాల్‌గడులందరూ మాలక్‌ల ఇళ్ళకు పోతారు. మళ్ళీ కూర్చునేవాళ్ళకు తలకు కొత్త రుమాలు కడతారు. లెక్క తెగినవాళ్ళు ఉత్త తలతో తిరిగి వస్తారు. ఆ రోజు పిల్లలం ఎవరి నాన్న తల మీద కొత్త గుడ్డ ఉందో చూడడానికి వీధిలో పరుగెత్తేవాళ్ళం. ఆ ఏడాది నేను పరుగెత్తలేదు. బాపు వెంట పటేల్ వాకిలి దాకా వెళ్ళి గుంజ పక్కన నిలబడ్డాను.

పటేల్ గుమ్మం ముందు మరాఠీల పండగ గుడి, కొత్త బట్ట కట్టి చెంబు బోర్లించిన వెదురు, ఎత్తి ఉంది. వేపపూత వాసన. ఆయన మంచి మనసుతోనే నవ్వుతూ అడిగాడు, "యందా బసతోస్ నా రే?" ఈ ఏడు కూర్చుంటావు కదా అని.

బాపు నేల చూశాడు. "బసతో, మాలక్" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి మా గుమ్మంలో బాపమ్మ కూర్చుని ఉంది. పక్కన ఒక మూట. తన బొంత, రెండు చీరలు, ఇత్తడి చెంబు తానే కట్టుకుంది. కొడుకు తల మీద ఎర్ర రుమాలు చూసింది. అమ్మ లోపలి నుంచి బయటికి రాలేదు. బాపమ్మ లేచి, కొడుకును వంగమని, ఆ గుడ్డ అంచును రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"బట్ట మంచిదే ఇచ్చిండు" అంది. మూట తీసుకుని లోపలికి వెళ్ళి ముడి విప్పి, బొంతను ఎప్పుడూ పరిచే చోటే పరిచింది.

ఇప్పుడు నాకు అనిపిస్తుంది, ఆ ముగింపు రోజునే ఆమెకు తెలుసని. చేతిలో ముద్ద పట్టుకుని, అది కొడుకు ఇంకో ఏడాదని తెలిసి, తన కోసం, నా కోసం అమ్మ చెప్పిన అబద్ధాన్ని నిలబెట్టడానికి తిన్నదని. మరి ఆ మూట ఎందుకు కట్టుకుంది? తెలిసినా మనిషి ఎదురు చూస్తుందేమో. బాపు ఆ తరువాత చాలా ఉగాదులు కూర్చున్నాడు. మేము నాందేడ్ వచ్చేనాటికి ఆయన వీపు మూటలు మోసే వీపు కాదు. బాపమ్మ అప్పటికి లేదు.

ఆ ముగింపు తరువాత ఆమె ఒక్క రోజు కూడా ఒక్కపొద్దు ఉండలేదు. సోమవారం, గురువారం, ఏకాదశి, ఏదీ లేదు. మరుసటి ఏడు శివరాత్రి వచ్చింది. ఊళ్ళో చంటి పిల్లలు తప్ప అందరూ ఉపవాసం. వీధిలో ఒక్క పొయ్యి పొగ లేదు. బాపమ్మ పొద్దున్నే పొయ్యి ముట్టించి, తానే జొన్నరొట్టె కొట్టుకుని, కారంపొడి నంజుకుంటూ, గడప మీద అందరికీ కనబడేట్టు కూర్చుంది. గుడికి పోతున్న కోమటాయన భార్య చేతిలో పూల పళ్ళెంతో ఆగిపోయింది.

"ఏందవ్వా గిది! ఇయ్యాల శివరాత్రి!"

"ఎరికే బిడ్డా," అంది బాపమ్మ, ఇంకో తుంట తుంచుకుంటూ.